మత్తడి దుంకడమంటే బాట్‌కు తెలుసా?

ఆఫ్రికా టీవీ న్యూస్‌రూముల్లో ఏఐ హడావుడి చూస్తుంటే నాకు కంగారుగా ఉంది. జింబాబ్వేలోని బులవాయోలో సైట్ (CITE) అనే వార్తా సంస్థ 2023లోనే ఆలిస్ అనే ఏఐ ప్రెజెంటర్‌తో వార్తలు చదివించింది. 2024లో నైజీరియా టీవీసీ న్యూస్ కూడా ఏఐ యాంకర్లను తెచ్చింది. తెరమీది బొమ్మతో నాకు పేచీ లేదు. వెనకాల స్క్రిప్టు రాసే పని ఏఐ బాట్ చేతికిచ్చి, సరిచూసే మనిషిని తీసేస్తారేమోనన్నదే నా బాధ.

నైజీరియాలో కోట్లమంది మాట్లాడే యొరుబానే తీసుకోండి. ‘ఒకో’ అనే మాటను ఏ స్వరంలో, అంటే గొంతు ఎలా హెచ్చించి తగ్గించి పలికారన్నదాన్ని బట్టి అది భర్త అవుతుంది, పార అవుతుంది, బండి అవుతుంది, బల్లెమూ అవుతుంది. మామూలు రాతలో స్వరాల గుర్తులు చాలామంది పెట్టరు. ఆ రాత చూసి నేర్చుకున్న బాట్ రోడ్డు ప్రమాదం వార్త రాస్తే, అక్కడ పడింది బండో మనిషో ఎవరు చూసుకోవాలి?

యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, బీబీసీ కలిసి 2025లో 14 భాషల్లో ఏఐ అసిస్టెంట్లను వార్తల మీద ప్రశ్నలడిగి చూశాయి. నూటికి 45 జవాబుల్లో కనీసం ఒక పెద్ద లోపం ఉంది. అవి చాలావరకు యూరప్ భాషలే, నెట్‌లో కావలసినంత రాత ఉన్నవే. మరి ఆఫ్రికా భాషలైన ఎండెబెలె, హౌసాల గతేంటి?

ఇది నాకు అనుభవమే. ఒక చానెల్లో నైట్ డెస్క్‌లో ఉన్నప్పుడు, తెలంగాణ స్ట్రింగర్ ఒకతను చెరువు మత్తడి దుంకుతోందని వాయిస్ మెసేజ్ పెట్టాడు. చెరువు నిండి అలుగు పారుతోందని, ఊరికి పండగని దానర్థం. బాట్ మాత్రం ‘చెరువు కట్టకు ముప్పు, భయాందోళనలో గ్రామస్తులు’ అని స్క్రోలింగ్ రాసిచ్చింది. చూసుకోకుండా వేసేశాను. పది నిమిషాల్లో ఫోన్. “అన్నా, కట్ట తెగుతదని ఎవరు చెప్పిన్రు? ఈడ ఆడోళ్లు గంగమ్మకు పూజ చేస్తున్నరు. దుబాయ్‌ల ఉన్నోళ్లు ఫోన్లు చేసి ఏడుస్తున్నరు.” ఆ గొంతు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఆఫ్రికా వాళ్లకు సాంకేతికత చేతకాదని కాదు నేననేది. 2019 నుంచీ మసఖానే పేరుతో అక్కడి పరిశోధకులే తమ భాషల డేటాను, అనువాద నమూనాలను కూడగడుతున్నారు. జులూలో ఆ పేరుకు ‘కలిసి కడదాం’ అని అర్థం. చానెళ్లు డబ్బు పెట్టాల్సింది ముందు అక్కడ. ఈలోగా బాట్ రాసిన ప్రతి స్క్రిప్టునూ ఆ భాషలో పుట్టి పెరిగిన ఎడిటర్ ఒకరు పైకి చదివి, కింద తన పేరు పెట్టాకే గాల్లోకి వదలాలి.