మాకు ఇచ్చిన సమాచారం మేరకు రొయ్యలు క్షేమం

గోదావరికి ఎర్రనీళ్లు తగిలి, యానాంలో పులస కోసం జనం జేబులు తడుముకునే రోజుల్లోనే కంపెనీల వార్షిక నివేదికలూ దిగుతాయి. రెంటికీ ముళ్లెక్కువే. పులస కొనేవాడు మాత్రం మొప్ప ఎత్తి చూస్తాడు. ఎక్కడి నుంచో ఐసులో వచ్చిన విలసకి పులస పేరు పెట్టి అంటగడుతున్నారేమోనని పది ప్రశ్నలేస్తాడు. షేరు కొనేవాడు మూడొందల పేజీల పీడీఎఫ్ తెరిచి, ఛైర్మన్‌గారి నవ్వు చూసి, మూసేస్తాడు.

అలా మూసేసే తొందరలో ఒక వాక్యం చదవకుండా వదిలేస్తున్నాం. ప్రతి ఆడిట్ నివేదికలోనూ ఉంటుంది: "మాకు తెలిసినంతలో, మాకు ఇచ్చిన సమాచారం, వివరణల మేరకు..." ఆ తరవాతే ఈ లెక్కలు కంపెనీ స్థితిని నిజంగా, న్యాయంగా చూపిస్తున్నాయన్న అభిప్రాయం వస్తుంది. చట్టం రాయమన్న మాటే కాబట్టి ఆడిటరుని తప్పుపట్టలేం. ఇంత చక్కటి సదుపాయాన్ని మన డెల్టాలో ఇన్నాళ్లూ ఎవరూ వాడుకోలేదే అన్నదొక్కటే నా విచారం.

ధాన్యం సంగతే చూడండి. కొనుగోలు కేంద్రంలో గొట్టంతో బస్తా పొడిచి, గుప్పెడు గింజలు మీటర్లో పోసి, తేమ 17 శాతం దాటితే మళ్లీ ఆరబెట్టుకు రమ్మంటారు. ఎందుకొచ్చిన మోటు పద్ధతి? "తేమెంతండీ?" "పదహారేనండి." "మాకు ఇచ్చిన సమాచారం మేరకు పదహారు." సంతకం. రొయ్యలు కొనేవాడూ అంతే. నీళ్లు కారిపోయాకే తూస్తాడు. కిలోకి ఎన్ని తూగాయో తన ఎదురుగానే లెక్కపెట్టిస్తాడు, గుల్ల మెత్తగా ఉన్నవి పక్కకి తీసేస్తాడు. రైతు ముప్పై కౌంటని చెబితే మర్యాదగా రాసుకోవచ్చు కదా.

పెళ్లిలో చదివింపుల దగ్గరైతే మరీ అన్యాయం. 516 రూపాయలు చదివించినవాడి పేరు మైకులో చెబుతారు. కవరు విప్పేవాడు ఒకడు, పుస్తకంలో రాసేవాడు ఇంకొకడు. మేనమామైనా సరే, రెండు పనులూ ఒక్కరి చేతిలో పెట్టరు. దీన్నే పెద్ద కంపెనీల్లో ఇంటర్నల్ కంట్రోల్ అంటారు, దానికో విభాగం, ఆ విభాగానికో వైస్ ప్రెసిడెంటు.

ఇంత అనుమానం పండే నేల నుంచే సత్యం కంప్యూటర్స్ అనే ఐటీ కంపెనీ పెట్టిన రామలింగరాజుగారూ వచ్చారు. భీమవరం, మనవాడే. 2009 జనవరి 7న దొంగ లెక్కలు ఒప్పుకుంటూ ఆయన బోర్డుకి రాసిన లేఖ తెలుగువాళ్లు లోకానికిచ్చిన అకౌంటింగ్ గ్రంథాల్లో అన్నిటికన్నా పొట్టిది, అన్నిటికన్నా నిజమైనది. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేవు. అంటే వందలో తొంభై నాలుగు రూపాయలు లేవు. లేని డబ్బు ఊరికే కూర్చోదు కదా, దాని మీద రావాల్సిన వడ్డీ 376 కోట్లు, అదీ లేదు. ఆ తేదీతో ముగిసిన మూడు నెలల నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, అసలు వచ్చింది 61 కోట్లు. ఈ లేఖకి కొన్ని నెలల ముందే కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, అదీ కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు. అవార్డిచ్చినవాళ్లు కూడా తమకు ఇచ్చిన సమాచారం మేరకే ఇచ్చి ఉంటారు. తరవాత వెనక్కి తీసుకున్నారు.

అంతకుముందు డిసెంబరులో కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లు పెట్టి సత్యం చేత కొనిపించబోయి, మదుపరులు గోల చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గారు. దొంగ ఆస్తుల స్థానంలో నిజం ఆస్తులు పెట్టే ఆఖరి ప్రయత్నం అదేనని లేఖలో ఆయనే రాశారు. మేటాస్ అంటే సత్యం ఇంగ్లిషు స్పెల్లింగుని వెనకనుంచి చదవడం. ఆ గ్రూపు మొత్తంలో ఉన్నదున్నట్టు వెల్లడించినది ఆ పేరు రాసిన బోర్డొక్కటే.

ఇదంతా ఐటీ, మనకెందుకంటారా? అయితే చెరువు గట్టు మీదికి రండి. ఆకివీడు దారిలో ఒకానొక రొయ్యల కంపెనీ ఉందనుకుందాం, షేర్ మార్కెట్లో లిస్టయింది. మార్చి 31 సాయంత్రం. చెరువులో ఉన్న సరుకు విలువ కట్టడానికి ఆడిట్ ఆఫీసు నుంచి సీఏ ఆర్టికల్స్, అంటే శిక్షణ, చేస్తున్న ఇద్దరు కుర్రాళ్లు కారు దిగారు. మేనేజరుగారు ముందు బొండాలు కొట్టించారు.

"ఎన్నున్నాయి సార్?"

"రెండు లక్షలండి. రెండెకరాలు, ఎకరానికి లక్ష సీడు, అంటే పిల్లలు."

"చచ్చిపోయినవి?"

"మా కంపెనీలో చావవండి. పాలసీ."

"కౌంటు?"

"ముప్పై."

కుర్రాడు ఫోనులో కొట్టి చూశాడు. ఆరు టన్నుల 667 కిలోలు. రాసుకున్నాడు. రెండోవాడు కొంచెం బుద్ధిమంతుడు, వల వేయించమన్నాడు. మేనేజరుగారి మొహం వాడిపోయింది. అమావాస్య దగ్గరికొచ్చిందట, రొయ్య గుల్ల విడుస్తోందట, ఇప్పుడు వల వేస్తే దెబ్బ తింటుందట, ఆ నష్టానికి ఆడిటర్లు పూచీ పడతారా అన్నారు. నిజానికి అది అబద్ధం కాదు, గుల్ల విడిచేటప్పుడు వల వెయ్యరు. మంచి మోసానికి నిజం సగపాళ్లయినా పడాలి. చివరికి, మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో ఉంచే చెక్ ట్రే ఒకటి పైకి లాగారు. పదకొండు రొయ్యలు ఎగిరాయి. కుర్రాడు నోట్ రాసుకున్నాడు: పదకొండు కంటితో చూశాం, మిగతా 1,99,989 గురించి యాజమాన్యం ఇచ్చిన వివరణ సంతృప్తికరంగా ఉంది.

అక్కడితో అయిపోలేదు. ఆడిట్ ప్రమాణాల ప్రకారం బయటివాళ్ల నుంచి రాతపూర్వకంగా నిర్ధారణ తీసుకోవాలి. కాబట్టి రొయ్యలకి ఉత్తరాలు రాశారు. "మార్చి 31 నాటికి మీరు సదరు చెరువులో ఉన్నట్టు ధ్రువీకరించగలరు." ఉత్తరాలు మేనేజరుగారి చేతికే ఇచ్చారు, చెరువు ఆయనది, దారి ఆయనకే తెలుసు. మూడో రోజుకల్లా జవాబులొచ్చాయి, ఆయన చేతి మీదుగానే. అన్నీ ఒకే సిరా, ఒకే దస్తూరి. "మేము రెండు లక్షల మందిమీ క్షేమం. మీరు క్షేమమని తలుస్తాము." ఫైల్లో పెట్టారు. ఆరోజు మధ్యాహ్నం భోజనంలో రొయ్యల వేపుడు వడ్డించారు. ఆ సంవత్సరానికి కంపెనీ సరుకులో భౌతికంగా, సంపూర్ణంగా తనిఖీ అయింది ఆ పళ్లెంలోదే.

గట్టు చివర పాకలో కాపలా ముసలాయన మేత సంచులు మడతపెడుతున్నాడు. ఖాళీ సంచులు అమ్ముకునే హక్కు ఆయనది కాబట్టి లెక్క నోటికి వచ్చు. "ఎన్ని సంచులయ్యాయి బాబాయ్?" అని ఎవరైనా అడిగి ఉంటే, "నూటేబై ఏడండి, ఆయ్" అనేవాడు. సంచి పాతిక కిలోలు. కిలో రొయ్య ఎదగాలంటే కిలోంబావు నుంచి కిలోన్నర మేత పడుతుంది, మధ్యస్తంగా 1.4 అనుకోండి. పుస్తకాల్లో ఉన్న ఆరు టన్నుల చిల్లరకి 373 సంచులు ఖాళీ అయి ఉండాలి. 157 సంచులకి లెక్క వేస్తే తేలేది 2,800 కిలోలు. అంటే సీడులో డెబ్భై శాతం బతికి, యాభై కౌంటుకొచ్చి ఉంటే సరిగ్గా సరిపోయే సరుకు. మేత బిల్లు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు, ఖాళీ సంచులు. మూడూ చెరువు బయటే ఉన్నాయి, మూడింటికీ గుల్ల విడిచే బాధ లేదు. ముసలాయన్ని ఎవరూ అడగలేదు. ఆయన యాజమాన్యం కాదు, ఆయన వివరణకి విలువ లేదు.

ఇది మరీ వెటకారం అనుకుంటే చైనాలో జాంగ్జిదావ్ అనే కంపెనీ ఉంది, సముద్రంలో స్కాలప్ గుల్లలు పెంచుతుంది. 2014లో సముద్రం నీళ్లు అసాధారణంగా చల్లబడి గుల్లలు పోయాయని ప్రకటించింది. తరవాత ఇంకోసారి మేత చాలక చచ్చాయంది. చివరికి అక్కడి నియంత్రణ సంస్థ నీళ్లలోకి దిగకుండా కంపెనీ పడవల ఉపగ్రహ ట్రాకింగ్ డేటా తీసి, ఏ పడవ ఎక్కడ వల లాగిందో చూసి, లెక్కలు తప్పని తేల్చింది. 2020లో వేసిన జరిమానా ఆరు లక్షల యువాన్లు. వాళ్లు చూసిందీ ఖాళీ సంచుల్లాంటిదే.

సత్యం దగ్గర కూడా చెరువులోకి దిగాల్సిన పని లేదు. బ్యాంకు నిల్వ నిర్ధారణ ఎలా చెయ్యాలో ఆడిటింగ్ ప్రమాణం 505లో ఉంది, ఆర్టికల్స్ మొదటి ఏడాదే నేర్పుతారు. ఉత్తరం ఆడిటరే రాయాలి, చిరునామా తనే సరిచూసుకోవాలి, తన ఆఫీసు నుంచే పోస్టు చెయ్యాలి, జవాబు బ్యాంకు నుంచి నేరుగా తనకే రావాలి. మధ్యలో కంపెనీ గుమాస్తా చెయ్యి తగిలిందా, ఆ ఉత్తరం చిత్తుకాగితం. ఆ రోజుల్లో స్టాంపు ఖరీదు అయిదు రూపాయలు. 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలకి మొత్తం 75 లక్షల డాలర్లు జరిమానా వేస్తూ చెప్పింది ఇదే: ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చుకోవడం మామూలుగానే క్లయింటుకి వదిలేశారు, వచ్చిన జవాబుల్ని ప్రశ్నించింది అరుదు. వాళ్లు ఒప్పుకోలేదు, కాదనలేదు, కట్టేశారు. 2018లో మన షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వాళ్లని రెండేళ్లు నిషేధిస్తే 2019లో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొట్టేసింది.

ఇది మన ఒక్కరి విద్య కూడా కాదు. 2003లో ఇటలీ పాల కంపెనీ పార్మలాట్ అమెరికా బ్యాంకులో 395 కోట్ల యూరోలు ఉన్నాయని చూపించిన కాగితం స్కానరుతో, ఫ్యాక్సుతో వండినది. 2020లో జర్మనీ వైర్‌కార్డ్ 190 కోట్ల యూరోలు ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నాయంది, ఆ బ్యాంకులు ఈ కంపెనీ మా ఖాతాదారే కాదన్నాయి. ప్రతిచోటా లేనిది నగదే. రొయ్యకైతే అమావాస్య అడ్డం వస్తుంది. బ్యాంకు ఖాతాకి ఏ అడ్డం?

ఇంట్లో కూర్చుని చూసుకోగలిగినవి కూడా ఉన్నాయి. కంపెనీ చూపించిన వడ్డీ ఆదాయాన్ని దాని డిపాజిట్లతో భాగించండి. మీ వీధి చివర బ్యాంకు ఇచ్చే రేటుకి దగ్గరగా రాకపోతే, డిపాజిట్టైనా లేదు, వడ్డీ అయినా లేదు. గల్లా నిండా నగదు పెట్టుకుని బయట అప్పులు చేస్తుంటే అనుమానించండి. సత్యంలో లెక్కకెక్కని అప్పే 1,230 కోట్లు. లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి చేతికొచ్చే నగదు పెరగకపోతే, ఆ లాభం పద్దులోదే కానీ పెట్టెలోది కాదు. నిజంగా డిపాజిట్ ఉంటే బ్యాంకు వడ్డీలోంచి టీడీఎస్ పేరుతో పన్ను కోస్తుంది, అది పన్నుశాఖ రికార్డులో కనబడుతుంది, ఆడిటరు అడిగి చూడొచ్చు. టీడీఎస్ కొయ్యొద్దని ఏటా ఏప్రిల్లో ఫారం పట్టుకుని బ్యాంకుకి పరిగెత్తే పెద్దవాళ్లందరికీ ఇది తెలుసు. చేయి తిరిగిన ఆడిటర్లకి తెలియదని నేననను, అంత మాట అనడానికి నాకు నోరు రాదు.

"ఏదైతేనేం, 108 పెట్టాడండీ" అంటారు మనవాళ్లు ఈపాటికి. పెట్టాడు. ఆ అంబులెన్సు ఎన్నో ప్రాణాలు కాపాడింది, ఎవరూ కాదనరు. దొంగ ఇన్‌వాయిస్‌లు 7,561 అని సీబీఐ లెక్క తేల్చింది, అదీ ఎవరూ కాదనరు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుగారితో కలిపి పదిమందిని దోషులని తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకెళ్లారు, మే 11న శిక్ష సస్పెండై బెయిలొచ్చింది. 108కి ఫోన్ చేసినా ఇంత తొందరగా రాదు.

సరే, పులి మీద స్వారీ అన్నారు లేఖలో, దానికి ఆహారం కాకుండా దిగడమెలాగో తెలియలేదన్నారు. జనం ఆ పోలికని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ముచ్చటేమిటి? పులికి మేతైంది ఎవరు? ఒక్క రోజులో షేరు ముప్పాతికకి పైగా పడిపోతే, రిటైరైనప్పుడొచ్చిన డబ్బు అందులో పెట్టినవాళ్లు ఏ జంతువు మీద కూర్చుని ఉన్నారు? వాళ్లు నమ్మింది రాజుగారిని కాదు, కింద ఉన్న ఆ సంతకాన్ని. ఆ సంతకం విలువ అయిదు రూపాయల స్టాంపు పాటి కూడా చెయ్యలేదు.

ఇదే డెల్టాలో కౌలు రైతు పంట రుణానికి వెళితే కౌలు కార్డు తెమ్మంటారు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని పెట్టడు. నేను దున్నుతున్నాను, ఊరంతా చూస్తోంది అని రైతు ఇచ్చే వివరణ ఎవడికీ అక్కర్లేదు. చేసేది లేక ఇంటావిడ మెడలోది తెచ్చి పెడితే, దాన్ని గీటురాయి మీద గీసి, రాళ్ల బరువు తీసేసి, అప్పుడు తూస్తారు. ఆ కాసు బంగారాన్ని ముట్టుకుని, గీకి, తూచిన వ్యవస్థే 5,040 కోట్లని ఒక్కసారి ముట్టుకుని చూడలేదు. ముట్టుకోనందుకు ఫీజు కూడా తీసుకుంది.

రిటైరైన టీచరమ్మ ఏటా ఒకసారి తను బతికున్నట్టు రుజువు పెట్టాలి, లేకపోతే పింఛను ఆగుతుంది. వయసుకి వేలి గీతలు అరిగిపోయాయి, మిషను పట్టదు. వేలు తుడిచి మళ్లీ పెట్టమంటారు. చెయ్యి మార్చమంటారు. కొబ్బరినూనె జిడ్డేమో, సబ్బుతో కడుక్కుని రండి అంటారు. కౌంటరు అవతల ఉన్న కుర్రాడు బళ్లో ఆవిడ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే, పేరు పెట్టి పలకరిస్తూనే వేలు మళ్లీ పెట్టమంటాడు. "బతికే ఉన్నాను కదురా నాయనా, నీ ఎదురుగానే ఉన్నాను" అంటుందావిడ. మిషను ఒప్పుకోదు మేడం అంటాడు.