సవరణ: 6203 బేరింగ్ రంధ్రం 15 కాదు, 17 మిల్లీమీటర్లు

బేరింగుల మీద మొన్న పెట్టిన పోస్టులో, బేరింగు మీద ఉండే నంబరులోని చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుందని రాశాను. అన్ని సైజులకూ అదే లెక్క అనడం తప్పు, పొరపాటు నాదే. ఆ గుణకారం 04 నుంచే మొదలవుతుంది: 6204కి 20, 6205కి 25 మిల్లీమీటర్లు. అంతకు కిందివి విడిగా గుర్తుపెట్టుకోవాలి. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ఏ బేరింగ్ కంపెనీ కేటలాగు తిరగేసినా ఇదే కనిపిస్తుంది.

గుణుపురం తమ్ముడొకరు నా లెక్క నమ్మి 15 మిల్లీమీటర్ల షాఫ్టుకి 6203 తెచ్చుకున్నాడు. ఎక్కించగానే గలగలలాడింది. రేకు చుట్టి బిగిద్దామా అని అడిగాడు. వద్దు నాయనా, లోపలి రింగు జారి తిరిగితే షాఫ్టునే తినేస్తుంది. నీకు కావలసింది 6202. మీది పిండిమర కాబట్టి, దుమ్ము లోపలికి పోకుండా రెండు పక్కలా రబ్బరు సీలున్నదే, అంటే నంబరు పక్కన 2ఆర్ఎస్ అని ఉన్నదే అడుగు.

ఇంకొకటి. ట్రాక్టరు ముందు చక్రాల్లో టేపర్ రోలర్ బేరింగులు (గుండ్లకి బదులు ఏటవాలు రోలర్లున్నవి) ఉంటాయని రాస్తే, పర్లాకిమిడిలో కొందరు మిల్లు మోటారుకీ అవే మేలనుకున్నారు. నేనన్నది అది కాదు. చక్రం మీద బరువుతోపాటు పక్కకి నెట్టే బలమూ పడుతుంది, అందుకే అక్కడ అవి ఎదురెదురుగా జంటగా ఉంటాయి. చిన్న మోటారుకి బాల్ బేరింగే సరి.