కరీబియన్ హనీమూన్ చౌక అనే ప్రచారంలో నిజమెంత?

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే చాలు, కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. నీలి సముద్రం, రెండు కొబ్బరిచెట్ల నడుమ కట్టిన ఉయ్యాల బొమ్మ కింద అయిదు మాటలు ఉంటాయి. కరీబియన్ దీవులకు భారతీయ పాస్‌పోర్టు మీద వీసా అక్కరలేదు కనుక మాల్దీవుల కంటే సులభం, చౌక. అమెరికాలో ఉన్నవారికైతే అది పక్క ఊరే. సెప్టెంబరులో వెళ్తే ఖరీదైన గదులు సగం ధరకే దొరుకుతాయి. ఒకే వారంలో నాలుగు దీవులు చుట్టి రావచ్చు. అక్కడ మన తిండి దొరకదు కనుక ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టు (గది, తిండి, పానీయాలు అన్నీ ఒకే ధరలో) తీసుకుంటే ఆపైన పైసా తీయనక్కరలేదు. వీటిలో పూర్తి అబద్ధం అనదగినది దాదాపు లేదు, ఖండించడం కష్టమయ్యేది కూడా అందుకే. ప్రతి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తర్వాత బిల్లు రూపంలో వస్తుంది.

వీసా సంగతి ముందు చూద్దాం. బార్బడోస్, జమైకా, గ్రెనడా, డొమినికా, సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, సెయింట్ విన్సెంట్, ట్రినిడాడ్ అండ్ టొబాగో దేశాలు భారతీయ పర్యాటకులను ముందస్తు వీసా లేకుండానే రానిస్తున్న మాట నిజమే. ఆ జాబితాలో హైతీ కూడా ఉంటుంది. సాయుధ ముఠాల హింసతో అల్లాడుతున్న ఆ దేశానికి కొత్త జంటను ఎవరూ పంపరు కనుక, వీసా లేకపోవడం ఒక్కటే యోగ్యత కాదని ఒప్పుకోవలసిందే. అసలు చిక్కు దారిలో ఉంది. హైదరాబాదు నుంచి గానీ దేశంలోని మరే ఊరి నుంచి గానీ ఈ దీవులకు నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే విమానాశ్రయం దాటకుండా కేవలం విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. లండన్ మీదుగా వెళ్తే భారతీయులకు ట్రాన్సిట్ వీసా అవసరం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా వంటివి చేతిలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. పైగా హైదరాబాదు విమానం హీత్రూలో దిగి, దీవికి వెళ్లే విమానం గాట్విక్ నుంచి బయలుదేరే టికెట్టు కొన్నారంటే, పెట్టెలు తీసుకుని బయటికి వచ్చి నగరం అవతలి విమానాశ్రయానికి చేరుకోవాలి కనుక నిబంధన మరో రకంగా మారుతుంది. చౌకగా కనిపించిన టికెట్లలో ఇలాంటివి తరచుగా ఉంటాయి.

హైదరాబాదు నుంచి లండన్‌కు సుమారు పది గంటలు, అక్కడి నుంచి బార్బడోస్‌కు ఇంకో తొమ్మిది గంటలు, మధ్యలో ఎదురుచూపులు వేరు. మాల్దీవులు భారతీయులకు దిగగానే ఉచితంగా అనుమతి ఇస్తాయి, దక్షిణ భారతం నుంచి కొన్ని గంటల ప్రయాణం. వారం రోజులే సెలవు ఉన్న జంట హైదరాబాదు నుంచి కరీబియన్‌కు వెళ్లడం నా దృష్టిలో డబ్బు కంటే ముందు కాలాన్ని వృథా చేసుకోవడం. పది పన్నెండు రోజులు ఉండగలిగితేనే ఆ ఆలోచనకు అర్థం ఉంది.

అమెరికాలో ఉన్న తెలుగు జంటల విషయంలో దూరం సమస్య కాదు, కానీ ఈ సందేశం ఎక్కువ నష్టం చేయగలిగింది వారికే. అక్కడే చదువుకుని, అక్కడే ఉద్యోగం సంపాదించి, దేశం దాటకుండానే విద్యార్థి వీసా ఎఫ్-1 నుంచి ఉద్యోగ వీసా హెచ్-1బీకి మారినవారి పాస్‌పోర్టులో హెచ్-1బీ స్టాంపింగే, అంటే వీసా ముద్రే, ఉండదు. అటువంటివారు కెనడాకో మెక్సికోకో ముప్ఫై రోజుల లోపు వెళ్లి, అమెరికాలో ఉండే గడువు చూపే, ఇంకా చెల్లే ఐ-94 పత్రంతో పాత వీసా మీదే తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. స్నేహితులు అలా మెక్సికోలోని కాంకూన్ వెళ్లి వచ్చిన కథలు విని, జమైకాకు కూడా అదే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. వర్తించదు. కరీబియన్ దీవుల విషయంలో ఆ వెసులుబాటు ఎఫ్, జె కోవల విద్యార్థులకు, ఎక్స్‌ఛేంజి సందర్శకులకు మాత్రమే ఉంది. హెచ్-1బీ వారికి, వారి కుటుంబ సభ్యులకు ఇచ్చే హెచ్-4 వారికి లేదు. దీవికి చేరడం సులభమే. తిరిగి వచ్చే రోజున విమానం ఎక్కనివ్వరు. అక్కడి రాయబార కార్యాలయంలో స్టాంపింగ్ చేయించుకోవచ్చుననే ధీమా కూడా ఇప్పుడు పనికిరాదు, ఎందుకంటే దరఖాస్తుదారులు తమ సొంత దేశంలోగానీ నివాస దేశంలోగానీ వీసాకు వెళ్లాలని 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది.

ఇటువంటి జంటలకు సరైన కరీబియన్ ప్యూర్టోరికో, అమెరికా వర్జిన్ దీవులు. ఇవి అమెరికా భూభాగాలు కనుక ప్రధాన భూభాగం నుంచి నేరుగా వెళ్లి నేరుగా వస్తే దేశం దాటినట్టు కాదు. అయినా వర్జిన్ దీవుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు అధికారులు పత్రాలు చూస్తారు, కాబట్టి పాస్‌పోర్టు, హెచ్-1బీ ఆమోద పత్రమైన ఐ-797 వెంట ఉండాలి. సెయింట్ థామస్‌లోని రెడ్ హుక్ రేవు నుంచి ఇరవై నిమిషాల పడవ ప్రయాణంలో సెయింట్ జాన్ వస్తుంది. ఆ దీవిలో సగానికి పైగా 1956లో ఏర్పడిన జాతీయ ఉద్యానం. అక్కడి సినమన్ బే దగ్గర ఇసుకకు నాలుగడుగుల దూరంలో గుడారంలో కొన్ని రాత్రులు గడిపి, మిగిలిన డబ్బుతో చివరి రెండు రాత్రులు మంచి హోటలులో ఉండవచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. ఎదురుగా చేతికందేంత దగ్గరగా కనిపించే టొర్టోలా బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోది. సరదాకి ఒక పూట పడవ ఎక్కినా అది విదేశీ ప్రయాణమే, పైన చెప్పిన స్టాంపింగ్ గొడవ అంతా అక్కడ మొదలవుతుంది.

ఇక సెప్టెంబరులో సగం ధర. ధర తగ్గేది ఎందుకో సందేశం చెప్పదు. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. దాని ఉద్ధృతి ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా ఎక్కువగా ఉంటుంది. 2017 సెప్టెంబరులో రెండు వారాల తేడాతో ఇర్మా, మరియా తుపానులు బార్బుడా, సెయింట్ మార్టిన్, డొమినికా, ప్యూర్టోరికోలను కకావికలు చేశాయి. ఆ నెలలో చాలా మంచి హోటళ్లు మరమ్మతుల కోసం తలుపులు మూసుకుంటాయి కనుక, సగం ధరకు దొరికే గదులు అన్నిసార్లూ మీరు బొమ్మలో చూసినవి కావు. ఆ రెండు నెలలు తప్పించుకుంటే చాలునని కూడా అనలేం. 2024 జూలై 1న గ్రెనడాకు చెందిన కారియకూ దీవిని ధ్వంసం చేసిన బెరిల్, ఏడాదిలో అంత ముందుగా అత్యంత తీవ్రమైన అయిదో శ్రేణికి చేరిన తొలి అట్లాంటిక్ తుపానుగా నిలిచింది. 2025 అక్టోబరు 28న, మన దగ్గర కార్తీకం మొదలై వారం తిరగకుండా, మెలిస్సా అయిదో శ్రేణి తుపానుగా జమైకా నైరుతి తీరాన్ని తాకింది. ప్రయాణ బీమా తీసుకుంటే సరిపోతుందనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: తుపానుకు పేరు పెట్టిన తర్వాత కొన్న బీమా ఆ తుపానుకు వర్తించదు.

మన ముహూర్తాలను పక్కన పెట్టుకుని చూస్తే లెక్క తేలికవుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయినవారు వెళ్లేసరికి అక్కడ డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా సాగే అత్యంత ఖరీదైన కాలం నడుస్తుంటుంది. శ్రావణం పెళ్లిళ్లు సరిగ్గా తుపానుల నోట్లో పడతాయి. వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్లయి, ఆషాఢం వచ్చి కొత్తకోడలు పుట్టింటికి వెళ్లేలోగా తిరిగి రావాలనుకునేవారికి మాత్రం మే నెల, జూన్ మొదటి వారాలు కలిసివస్తాయి: ధరలు దిగి ఉంటాయి, పెద్ద తుపానులు అరుదు. మార్గశిరం పెళ్లిళ్లకు డిసెంబరు తొలి పక్షం దాదాపు అంతే మంచిది. ఏడాది పొడవునా తుపానుల భయం తక్కువగా ఉండే అరూబా, కురసావ్ దీవులు ఉన్నాయిగానీ, వీసా లేకుండా వెళ్లగలిగే ఆ జాబితాలో అవి లేవు.

వారంలో నాలుగు దీవులు అనే మాటకు ఎక్కువ స్థలం అక్కరలేదు. దీవుల మధ్య విమానాల టికెట్టులో పన్నులే పెద్ద భాగం, అవి వేళకు నడుస్తాయన్న నమ్మకం తక్కువ, దీవి మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. రెండు దీవులు చూసిన తృప్తి కావాలంటే ఒకే దేశంలో పడవ మీద వెళ్లగలిగే జంట దీవులను ఎంచుకోవాలి. సెయింట్ విన్సెంట్ నుంచి బెక్వియాకు గంట ప్రయాణం. గ్రెనడా నుంచి కారియకూకు, ట్రినిడాడ్ నుంచి టొబాగోకు కూడా పడవలు ఉన్నాయి.

ఆల్ ఇన్‌క్లూజివ్ గురించి మాత్రం కొంచెం నిలబడి మాట్లాడాలి. ఆ ధరలో మద్యం పెద్ద భాగం. తాగని జంట, అందులోనూ శాకాహారులు, పక్క బల్ల వాళ్ల రమ్ముకూ చేపలకూ కలిపి కడుతున్నారన్నమాట. బయటి విహారాలు సాధారణంగా అందులో ఉండవు. విడిగా గది తీసుకున్నా ఒక మోసం పొంచి ఉంటుంది: చాలా దీవుల్లో చూపిన ధర మీద పన్ను, సేవా రుసుము కలిసి సుమారు 20 శాతం పడుతుంది. బార్బడోస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పడమటి తీరంలో రాత్రికి 600 డాలర్ల హోటలు, దక్షిణ తీరంలో వంటగది ఉన్న 150 డాలర్ల అపార్ట్‌మెంటు దొరికాయని అనుకుంటే, ఏడు రాత్రులూ హోటలులోనే ఉన్నవారికి పన్నులతో 5040 డాలర్లు అవుతుంది. అయిదు రాత్రులు అపార్ట్‌మెంటులో, చివరి రెండు రాత్రులు హోటలులో ఉన్నవారికి 2340 అవుతుంది. ఆ దేశంలో సముద్రతీరాలన్నీ ప్రజలవే కనుక, మొదటి అయిదు రోజులు కూడా ఆ హోటలు ముందరి ఇసుకలోనే తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు.

బార్బడోస్‌లో టాక్సీలకు మీటర్లు ఉండవు, కాబట్టి ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి. బస్సు మాత్రం నీలం రంగు ప్రభుత్వ బస్సు అయినా, పసుపు మినీబస్సు అయినా, మెరూన్ చారల తెల్ల వ్యాను అయినా, ఎంత దూరానికైనా మూడున్నర బార్బడోస్ డాలర్లే. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరు. బస్సు ఆగే చోట స్తంభానికి ఊరి పేరు ఉండదు, నగరం వైపా నగరం బయటికా అన్నది మాత్రమే రాసి ఉంటుంది. ఆ తెల్ల వ్యానులో మన షేర్ ఆటో లాగే ఇంకొకరికి చోటు ఎప్పుడూ ఉంటుంది, పాటల మోత కూడా అంతే. గ్రెనడా, సెయింట్ లూసియా వంటి చోట్ల తూర్పు కరీబియన్ డాలరు నడుస్తుంది, 1976 నుంచి అమెరికా డాలరుకు 2.70 చొప్పున స్థిరంగా. డ్రైవరు ఎనభై అంటే ఏ డాలరో అడగాలి. తూర్పు కరీబియన్ డాలరైతే అది సుమారు ముప్ఫై అమెరికా డాలర్లు, అమెరికా డాలరైతే దానికి దాదాపు మూడు రెట్లు.

మన తిండి దొరకదనేది ఈ సందేశంలోకెల్లా తెలియనితనంతో రాసిన మాట. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ ట్రినిడాడ్‌లో దిగింది మొదలు 1917 దాకా లక్షమందికి పైగా భారతీయులు అక్కడి చెరకు తోటలకు కూలీలుగా వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లినా, మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారూ ఉన్నారు, వారిలో తెలుగువారు కూడా. వారి వంట ఇప్పుడు అక్కడి వీధి తిండి. పొద్దున్నే బండి దగ్గర కాగితంలో పెట్టి ఇచ్చే డబుల్స్ అంటే పసుపు కలిపిన రెండు మెత్తని బరాల (నూనెలో వేయించిన రొట్టెల) మధ్య శనగల కూర, పైన చింతపండు పచ్చడి. దాల్‌పూరీని విప్పి చూస్తే బెల్లం వేయని బొబ్బట్టు గుర్తుకొస్తుంది. బార్బడోస్‌లోనూ బంగాళాదుంప, శనగల రోటీ దొరుకుతుంది. జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతం వారి ఐటల్ వంటలో మాంసం అసలే ఉండదు. శాకాహారులు జాగ్రత్త పడవలసింది అన్నం, గింజలు కలిపి వండే రైస్ అండ్ పీస్ దగ్గర, అందులో ఉప్పు మాంసం ముక్క వేసి వండడం మామూలే కనుక అడిగి తినాలి.

ఆ తిండి కోసం ట్రినిడాడ్ వెళ్లాలనుకున్నవారు ఇంకొక ఏర్పాటు కూడా చేసుకోవాలి. భారత ప్రభుత్వం ఆ దీవిని ఎల్లో ఫీవర్ ప్రాంతాల జాబితాలో ఉంచింది. అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు మన దేశంలో దిగేవారు టీకా ధ్రువపత్రం చూపించాలి, టీకా వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు, లేనివారిని విమానాశ్రయం నుంచి క్వారంటైన్‌కు పంపవచ్చు. కాబట్టి ఆ టీకా పని శుభలేఖలు పంచే వారంలోనే పూర్తిచేసుకోవాలి.