సొరుగు నిండా ఒకే ముఖం

(19వ శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు రోసెట్టి, తన ప్రేయసి, తర్వాత భార్య అయిన ఎలిజబెత్ సిడాల్‌ని గీసిన బొమ్మల పుస్తకం ముందేసుకుని బాబాయ్, అమ్మాయి.)

బాబాయ్: ఒకే మనిషిని ఇన్నిసార్లు గీశాడంటే అది ప్రేమ కాక మరేమిటమ్మా? 1855లో తోటి చిత్రకారుడు ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ తన దగ్గరికొస్తే రోసెట్టి సొరుగు తెరిచి చూపించాడట, నిండా ఈవిడ బొమ్మలే. అదొక పిచ్చిలా ఉందని బ్రౌన్ డైరీలో రాసుకున్నాడు.

అమ్మాయి: పిచ్చి అన్నాడు, ప్రేమ అనలేదుగా. వరసగా చూడు బాబాయ్. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు దించుకుని, నిద్రలోకి జారుకుంటున్నట్టు. ఈవిడ మన వైపు చూసే బొమ్మలు ఎన్ని దొరుకుతాయి?

బాబాయ్: ఆరోగ్యం అంతంతమాత్రం. పైగా గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. అలసిన మనిషిని అలసినట్టే గీయడం తప్పా? నూనెరంగుల్లో ఈవిడని ఇటలీ కవి డాంటే ప్రేయసి బియాట్రిస్‌ని చేశాడు, ఒప్పుకుంటాను. ఈ కాగితాల మీద ఆ వేషం లేదు. మామూలు గౌను, ముడేసిన జుట్టు, పెన్సిల్ గీత. అంత దగ్గరగా చూసినవాడే ఇలా గీయగలడు.

అమ్మాయి: దగ్గరగానే చూశాడు. కానీ ఏం చూడాలో ఎంచుకున్నదీ అతనే. ఆ రోజుల్లోనే ఈవిడా బొమ్మలు వేస్తోంది. 1855లో కళావిమర్శకుడు రస్కిన్ ఈవిడ వేసిన బొమ్మలన్నీ 30 పౌండ్లకు కొని, ఏడాదికి 150 పౌండ్లు ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1857లో ప్రీ-రాఫెలైట్ల, అంటే రోసెట్టి చిత్రకారుల బృందం, ప్రదర్శనలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఈవిడే. ఆ చిత్రకారిణి ఈ సొరుగులో ఎక్కడుంది? రోసెట్టి సొంత చెల్లెలు, కవయిత్రి క్రిస్టీనాకే అనిపించింది, అన్న గీసేది ఆ మనిషిని కాదు, తన కలని అని. 1856లో దాని మీద పద్యం రాసింది.

బాబాయ్: ఎక్కడుంది అన్నావు కదా, ఇదిగో. 1853 సెప్టెంబరు. అతను కుర్చీలో జారగిలబడి, కాళ్లు ఇంకో కుర్చీ మీద పెట్టుకున్నాడు. ఎదురుగా ఈవిడ ముందుకు వంగి అతన్ని గీస్తోంది. ఇది గీసింది కూడా రోసెట్టియే.

అమ్మాయి: ...ఇది బాగుంది. చాలా బాగుంది. గబగబా లాగిన ఇంకు గీతలు, ఆ వంగడంలో ఎంత పట్టుదల! ఇక్కడ ఈవిడ తల దించినా నిద్ర కాదు, పని. ఇలాంటివి ఇంకా గీసి ఉంటే నీతో వాదించేదాన్నే కాదు.

బాబాయ్: తొమ్మిదేళ్లు కూడా మిగల్లేదమ్మా. 1862లో లాడనం అనే నల్లమందు ద్రావకం ఎక్కువై చనిపోయింది, 32 ఏళ్లకే.

అమ్మాయి: ఆ రోజు ఈవిడ కాగితం మీద అతని ముఖం ఎలా వచ్చిందో, నాకది చూడాలనుంది బాబాయ్.