జరీ అంచు కనిపిస్తోందా సార్?

బెజవాడలో కొత్తగా కెమెరా కొన్నవాణ్ణి "ఏం తీస్తావయ్యా?" అని ఒక్కరూ అడగరు. "300 ఉందా?" అని అడుగుతారు. 300 అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో. అంకె పెద్దదైన కొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది. పెళ్లిచూపుల్లో ఎకరాలు అడిగినట్టే ఇదీను. "లేదండీ, పెట్టెతో వచ్చిన 18-55 లెన్సు ఉంది" అన్నామా, ఎంసెట్‌లో ర్యాంకు రాని పిల్లాడి తండ్రిని చూసినట్టు జాలిగా చూస్తారు.

మా మేనల్లుడికి ఆ జాలి తగిలింది. ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ3200 కొన్నాడు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగల్ని, గూడబాతుల్ని తీయాలని వాడి కోరిక. సరే, తక్కువలో ఒక జూమ్ చూద్దామని గవర్నరుపేటలో ఒక షాపుకి తీసుకెళ్లాను. నా బుద్ధి గడ్డి తిన్న రోజది.

"ఎన్ని ఎక్స్ కావాలి సార్?" అన్నాడు సేల్స్ కుర్రాడు. 55ని 18తో భాగిస్తే వచ్చే మూడే ఆ ఎక్స్. 18-55కి మూడు ఎక్సులు, 70-300కి నాలుగు చిల్లర. అది ఎంత దూరం చూస్తుందో చెప్పే లెక్క కాదని వివరించబోయాను. కుర్రాడు వినలేదు. అప్పటికే 70-300ని షాపు కెమెరాకి బిగించేసి మమ్మల్ని మెట్ల మీదకి లాక్కొచ్చాడు. "మీ కెమెరా బాడీ బ్యాగులోనే ఉండనివ్వండి సార్, దుమ్ము" అన్నాడు. ఎంత శ్రద్ధ!

ఎదురు మేడ మీద ఎవరిదో పట్టుచీర ఆరేసి ఉంది. "అంచు చూడండి సార్. జరీ కనిపిస్తోందా?" కనిపించింది. "పోగులు?" పోగులూ కనిపించాయి. పక్కన చెరకు రసం బండివాడు "నేనోసారి చూస్తానన్నా" అంటూ వచ్చాడు. వాడి వెనక ఒక ఆటో ఆగింది. కొరియర్ అబ్బాయి చూశాడు, జీఎస్టీ బిల్లుల కట్ట పట్టుకున్న గుమస్తా చూశాడు, "ధర్మవరమేనండీ" అని తీర్పు కూడా ఇచ్చాడు. ఇంతలో మేడ మీదకి ఆ ఇల్లాలు వచ్చింది. కింద ఎనిమిది మంది, ఒక ఫిరంగి గొట్టం, అన్నీ తన చీర వైపే. చీర లాక్కుని లోపలికి వెళ్లి, ఈసారి భర్తతో వచ్చింది. ఆయన మొహంలో కోపం కూడా 300 దగ్గర భేషుగ్గా, ఒక్కో మీసం వెంట్రుకతో సహా కనిపించింది. "చూశారా సార్ షార్ప్‌నెస్!" అన్నాడు కుర్రాడు.

బిల్లయింది. యూవీ ఫిల్టరు, లెన్స్ తుడిచే గుడ్డ కూడా బిల్లులోకి ఎక్కాయి.

మర్నాడు ఉప్పలపాడులో ఆ లెన్సు మౌనవ్రతం పట్టింది. మీట సగం నొక్కితే కిర్రు లేదు, కొర్రు లేదు. కొంగ మసకగానే ఉండిపోయింది. విప్పి వెనక చూస్తే విషయం తెలిసింది. అంచున స్క్రూడ్రైవరు మొన పట్టేంత గాడి ఒకటుంది. ఫోకసు కుదరాలంటే దాన్ని తిప్పే మోటారు కెమెరా బాడీలో ఉండాలి. షాపు కెమెరాలో ఉంది. డీ3200లో లేదు, ఆ వరస చిన్న బాడీల్లో వేటికీ లేదు. లెన్సులోనే మోటారు ఉన్న నికాన్ లెన్సుల్లో చాలావాటి మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉంటుంది. దుమ్ము భయం దేనికో అప్పుడు అర్థమైంది.

షాపుకి తిరిగి వెళ్తే "చేత్తో తిప్పుకోవచ్చుగా సార్, ప్రొఫెషనల్స్ అంతా అంతే" అన్నాడు కుర్రాడు. ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకాదు. ఎగిరే కొంగని, చేతి వణుకు ఆపే వీఆర్ కూడా లేని గొట్టంతో, సెకనులో 500వ వంతు షట్టరు వేగం పెట్టి, ఫోకసు చేత్తో తిప్పుకుంటూ పట్టాలట, కెమెరా కొని పది రోజులు కాని పిల్లాడు! మాకు తెలియక జరిగిందంటే ఊరుకుందును. వాళ్లకి తెలుసు. తెలిసే బ్యాగు తెరవనివ్వలేదు. ఇరవయ్యేళ్ల వాడి ట్యూషన్ డబ్బు తిని, వాడికే "నీకు తీయడం రాదు" అని చెప్పి పంపడం దొంగతనం. అంతకంటే మర్యాదైన మాట నా దగ్గర లేదు.

వాడికి కావలసింది ఏఎఫ్-ఎస్ 55-200 వీఆర్. ఎవరో వాడేసినది దొరికితే మరీ మంచిది. రేవుల్లో, వీధుల్లో, బ్యారేజీ మీద సాయంత్రాలకి పెట్టెలో వచ్చిన 18-55 చాలు. పెళ్లి హాళ్ల చీకటికి ఈ చౌక జూమ్‌లు ఏవీ పనికిరావు. అక్కడ ఎఫ్/1.8 ఉన్న 50 లెన్సు కావాలి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుగు వచ్చే కన్నం అంత పెద్దది. ఈ జూమ్‌లు చివర్లో తెరిచే 5.6 కంటే అది సుమారు పది రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. ఇది చెప్పడానికి షాపులో రెండు నిమిషాలు పట్టదు.

మొన్న అటు వెళ్తే మెట్ల మీద ఇంకో తండ్రీకొడుకులు నిలబడి ఉన్నారు, చేతిలో అదే గొట్టం. ఎదురు మేడ చుట్టూ మాత్రం ఆకుపచ్చ నెట్ కట్టేశారు. కుర్రాడు ఏమాత్రం తడబడలేదు. "నెట్‌లో కన్నాలు కనిపిస్తున్నాయా సార్?" అంటున్నాడు.