లార్డుగారి కుడికాలు: సంక్షిప్త జీవిత చరిత్ర

మహనీయుల చరిత్ర పుట్టుకతో మొదలుపెట్టి చావుతో ముగించడం ఆనవాయితీ. హెన్రీ పేజెట్ అనే ఆంగ్లేయ ప్రభువు విషయంలో అది కుదరదు. ఆయన 1768లో పుట్టి 1854లో పోయాడు. కుడికాలు మాత్రం 1815లోనే ఆయన్ని విడిచిపెట్టి, 1934 దాకా స్వతంత్రంగా చలామణీ అయింది. అంటే మనిషి ఆయుష్షు 85 ఏళ్ళు, కాలి ఆయుష్షు 166. పెద్దవాళ్ళకే పెద్దపీట వెయ్యాలి కనక ఈ వ్యాసం కాలి గురించి.

అయినా మర్యాదకి మనిషి సంగతి కాస్త చెప్పుకుందాం. తండ్రి 'అక్స్‌బ్రిడ్జ్ ఎర్ల్' అనే బిరుదున్న ప్రభువు. వేల్స్ పక్కనున్న ఆంగ్లెసీ ద్వీపంలో ఆ ఇంటికి రాగి గనులుండేవి. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం రాగానే కుర్రాడు తండ్రిగారి కౌలుదార్లను పోగేసి ఒక రెజిమెంట్ తయారుచేశాడు. మామూలు మనిషి సైన్యంలో చేరాలంటే పరుగు పెట్టాలి, ఛాతీ కొలిపించుకోవాలి. ప్రభువులకి ఆ టెన్షన్ లేదు. సైన్యమే వచ్చి వాళ్ళ దగ్గర చేరుతుంది. అలాగని చేతగానివాడేం కాదు. 1808లో స్పెయిన్‌లో సాహగున్, బెనవెంటె దగ్గర గుర్రపు దళాన్ని భేషుగ్గా నడిపాడు.

1809లో కాలు జారింది. కుడిదో ఎడమదో చరిత్రకారులు నమోదు చెయ్యలేదు. ఎనిమిది మంది పిల్లల తండ్రి, నలుగురు పిల్లల తల్లి అయిన లేడీ షార్లెట్‌తో లేచిపోయాడు. ఆవిడ బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ తమ్ముడి భార్య, అంటే వెల్లింగ్టన్‌కి వరసకి మరదలు. ఆవిడ సోదరుడు ఒంటికాలి మీద లేచి వింబుల్డన్ మైదానంలో పిస్తోళ్ళ పోరుకి పిలిచాడు. ఇద్దరూ క్షేమంగా ఇళ్ళకు చేరారు. పేజెట్ మొదటి భార్య విడాకులు తీసుకుని ఆర్గైల్ డ్యూక్‌ని చేసుకుంది. ఎర్ల్ గారి కోడలు డచెస్ అయింది కాబట్టి ఆవిడకి ప్రమోషనే.

ఆరేళ్ళు తిరిగేసరికి బెల్జియంలోని వాటర్లూలో, నెపోలియన్‌తో యుద్ధానికి, వెల్లింగ్టన్‌కి గుర్రపు దళాధిపతి కావలసి వచ్చాడు. లండన్ పెద్దలు బాగా ఆలోచించి ఈయన్నే పంపారు. మన పల్లెల్లో అయితే అలాంటి ఇద్దర్ని ఒకే పెళ్ళిబంతిలో కూర్చోబెట్టరు. వాళ్ళు ఒకే యుద్ధంలో నిలబెట్టారు.

1815 జూన్ 18. పేజెట్ తానే ముందు వరసలో ఉండి దాడికి దూకాడు. వెనకున్న దళాల్ని అదుపు చేసేవాడు లేక చాలామంది పోయారు. అది తన తప్పేనని తర్వాత ఒప్పుకున్నాడు కూడా. సాయంత్రం యుద్ధం ముగుస్తుందనగా ఫిరంగి దెబ్బ కుడి మోకాలికి తగిలింది. "దేవుడా, నా కాలు పోయిందండీ!" అని ఈయన, "దేవుడా, పోయిందండీ!" అని వెల్లింగ్టన్ అనుకున్నారని చెప్పుకుంటారు. మరదలి వ్యవహారం తర్వాత ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం బహుశా ఇదొక్కటే.

వాటర్లూ ఊళ్ళో పారీ అనే ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి కాలు కోశారు. మత్తుమందు ఇంకా పుట్టలేదు. లార్డుగారు మూలగలేదట, కత్తులు కాస్త మొద్దుబారినట్టున్నాయని మాత్రం అన్నారట. నలభై ఏడేళ్ళు సోగ్గాడిగా తిరిగాను, ఇక కుర్రాళ్ళకు అడ్డం రావడం న్యాయం కాదని కూడా సెలవిచ్చారట. మన ఆసుపత్రిలో ఇంజెక్షన్ సూది కనబడగానే ఊరంతా వినబడేలా అరిచే నాలాంటివాడు ఇక్కడ తల వంచుకోవాలి.

అసలు కథ ఇక్కణ్ణుంచే. పారీగారు ఆ కాలిని తన తోటలో పూడ్చి, పైన ఫలకం వేయించాడు: విఖ్యాతుడు, పరాక్రమవంతుడు అయిన అక్స్‌బ్రిడ్జ్ ప్రభువు కాలు ఇక్కడ ఖననం చేయబడినది అని (తండ్రిగారి బిరుదు అప్పటికి పేజెట్‌కి వచ్చింది). ముందు నెత్తుటి కుర్చీ చూపించేవాడు, తర్వాత సమాధికి తీసుకెళ్ళేవాడు. ప్రష్యా రాజంతటివాడు దర్శనం చేసుకున్నాడు. కొందరు తమ కాళ్ళ మీద తాము నిలబడతారు. పారీ కుటుంబం తరతరాలుగా లార్డుగారి కాలి మీద నిలబడింది.

అదే రోజు అదే పొలాల్లో 40 వేలకు పైగా మనుషులు చచ్చో గాయపడో పడిపోయారు. చచ్చినవాళ్ళ పళ్ళు ఊడబీకి కట్టుడు పళ్ళలో వాడారు, వాటికి 'వాటర్లూ పళ్ళు' అని పేరు. ఎముకలు ఇంగ్లండుకు ఓడల్లో వచ్చి ఎరువుగా పొడి అవుతున్నాయని అప్పటి లండన్ పత్రికలే రాశాయి. మామూలు సిపాయిలకి ఫలకం ఎందుకు వెయ్యలేదని కొందరు గొణుగుతారు. వాళ్ళకి అర్థం కానిదేమిటంటే, ఫలకం వెయ్యాలంటే ముందు మనిషికి పేరుండాలి.

కాలు పోయిన 16 రోజులకే పేజెట్ ఆంగ్లెసీ మార్క్వెస్ అయ్యాడు, అది ఎర్ల్ కన్నా పై బిరుదు. ఏడాదికి 1,200 పౌండ్ల పింఛను ఇస్తామంటే వద్దన్నాడు. రాగి గనులున్నవాడి నిరాడంబరత అలాగే ఉంటుంది. కాటికి కాలు చాపుకున్నాక మరో 39 ఏళ్ళు బతికిన మనిషి ఇంకొకడు దొరకడం కష్టం. చెల్సీలో పాట్స్ అనే పనివాడు కొయ్యకాలు చేసిపెట్టాడు. మోకాలి దగ్గర ఉక్కు కీలు, లోపల నరాలకి బదులు జంతువుల పేగుతో పేనిన తీగలు. అడుగు వేస్తే టప్పుమనేది. దానికి 'ఆంగ్లెసీ కాలు' అనే పేరు స్థిరపడింది.

1821లో ఇంగ్లండు రాజు నాలుగో జార్జి పట్టాభిషేకానికి ఈయనే లార్డ్ హై స్టీవార్డ్, అంటే ఆ వేడుకలో ఓ పెద్ద అధికారి. కిరీటం మోసింది ఈయనే. తర్వాత వెస్ట్‌మినిస్టర్ హాల్లో విందు. వంటకాల ముందు ఈయన, వెల్లింగ్టన్, మరో ప్రభువు గుర్రాలెక్కి హాల్లోకి వచ్చారు. వడ్డన బంతి మధ్యలో గుర్రాలు! పైగా రాజుగారికి వీపు చూపకూడదు కనక వాటిని వెనక్కి వెనక్కి నడిపించుకుంటూ పోవాలి. నెపోలియన్‌ని గెలిచినవాళ్ళకి అప్పగించిన తర్వాతి బాధ్యత ఇదీ. మన రామాయణంలో పాదుకలే సింహాసనం ఎక్కాయి కాబట్టి కొయ్యకాలు గుర్రం ఎక్కితే మనం నవ్వకూడదు.

1878లో పేజెట్ కొడుకు వాటర్లూ వెళ్ళి చూస్తే, నాన్నగారి ఎముకలు మట్టిలో లేవు, బయట ప్రదర్శనలో ఉన్నాయి. రెండు దేశాల మధ్య గొడవ. తిరిగివ్వమంటే పారీ వంశస్థులు ధర చెప్పారు. పూడ్చిపెట్టమని బెల్జియం న్యాయమంత్రి ఆదేశించాడు. వాళ్ళు సరేనని, చక్కగా ఇంట్లో దాచుకున్నారు. చివరికి 1934లో బ్రస్సెల్స్‌లో ఆ ఇంటి ఆఖరి పారీ పోయాక, ఆయన గదిలో భార్యకి ఆ బొమికలు కాగితాలతో సహా దొరికాయి. మళ్ళీ గొడవెందుకనుకుందో ఏమో, తీసుకెళ్ళి పొయ్యిలో వేసేసింది.

లార్డుగారి మిగతా శరీరం లిచ్‌ఫీల్డ్ కెథడ్రల్లో ఉంది. ఆంగ్లెసీ ద్వీపంలో ఆయన పేర స్తంభం ఉంది, ఇంగ్లీషు లిపిలో 58 అక్షరాల పూర్తి పేరుతో ప్రసిద్ధమైన లాన్‌వైర్‌పుల్ అనే ఊళ్ళో. 1817లో స్తంభం లేచినా పైన విగ్రహం 1860లోగాని ఎక్కలేదు. శిల్పి రెండు కాళ్ళూ పెట్టాడు.