ఉభయకుశలోపరి తర్వాత ఏం రాశారు?

మన పెద్దవాళ్లు ఉత్తరం మొదలెడుతూ ‘ఉభయకుశలోపరి’ అని రాసేవారు. బానిసత్వం గొడవతో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తలపడిన అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) సైనికులకూ అలాంటి మాటే ఉండేది: నేను క్షేమం, ఈ నాలుగు ముక్కలు అందేసరికి మీరూ క్షేమమని తలుస్తాను. ఆ ఒక్క వాక్యాన్నే నేను నమ్మను. అసలు యుద్ధం ఆ తర్వాత రాసిన చిన్న చిన్న కోరికల్లో ఉంది.

1862 డిసెంబర్ 13న వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఉత్తరాది సైన్యం చిత్తుగా ఓడింది. చనిపోయినవారు, గాయపడ్డవారు, జాడ తెలియనివారు కలిపి 12 వేల పైమాటే. మిగిలినవాళ్లు రాపహానాక్ నది ఇవతల, ఫాల్మత్ చుట్టుపక్కల చలికాలం గడిపారు. నేల కొంచెం తవ్వి, చుట్టూ దుంగలు పేర్చి, సందుల్లో మట్టి మెత్తి, పైన గుడారం గుడ్డ కప్పితే అదే ఇల్లు. కర్రలూ మట్టీ కలిపి కట్టిన పొగగొట్టం మీద అడుగు ఊడిన పీపా. దానికి నిప్పంటుకుంటే అందరూ బయటికి పరుగే. తిండి రాయిలాంటి బిస్కెట్. తుపాకీ మడమతో పగలగొట్టి కాఫీలో నానబెట్టుకునేవారు.

అక్కడి నుంచే రాసేవారు: సాక్సులు పంపండి, స్టాంపులు పంపండి, జీతం ఇంకా రాలేదు. నెలకు 13 డాలర్లు, అవీ నెలల తరబడి అందకపోతే ఇంటి దగ్గర ఏం తింటున్నారోనని టెన్షన్. స్టాంపు లేకపోతే కవరు మీద ‘సైనికుడి ఉత్తరం’ అని రాయించి పంపొచ్చు. డబ్బులు ఇంటివాళ్లు కట్టి విడిపించుకునేవారు. పద్ధతిగా సెన్సార్ చేసేవాళ్లు లేరు కాబట్టి జనరల్‌ను తిట్టాలనిపిస్తే తిట్టేసేవారు. అమ్మకు దాచింది మాత్రం తన జబ్బు. ఆ యుద్ధంలో పోయిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు విరేచనాలు, టైఫాయిడ్, న్యుమోనియా లాంటి రోగాలతోనే పోయారు.

1863 జనవరి చివర్లో ఈ సైన్యానికి కొత్త అధిపతిగా వచ్చిన జనరల్ హుకర్ మొట్టమొదట తాజా రొట్టె, కూరగాయలు, వంతులవారీ సెలవులు ఇప్పించాడు. పారిపోయేవారు తగ్గారు. మే నెలలో ఛాన్సలర్స్‌విల్‌లో ఆయన ఓడిపోయాడు, చరిత్రకు అదే గుర్తు. నాకైతే ఆ రొట్టె పెద్ద పని.

దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడం నేరం. అందుకే ఉత్తరాది సైన్యంలో చేరిన నల్లజాతివారిలో ఎందరో శిబిరంలోనే అక్షరాలు దిద్దుకున్నారు. వాళ్ల జీతం 10 డాలర్లు, బట్టలకు 3 కోసుకుంటే చేతికి 7. సమాన జీతం కోసం 1864 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. చదువు రానివాడు పక్కవాడి చేత రాయించుకోవాలి. అక్కడ భార్యకూ చదువు లేకపోతే ఇంకెవరో చదివి వినిపించాలి. మధ్యలో ఇద్దరు పరాయివాళ్లు ఉండగా ఏ భర్త మనసు విప్పుతాడు? క్షేమమనే రాయిస్తాడు.